ప్రాజెక్టు పని – వృత్తి ఎంపిక: బార్డోలీ ఉదాహరణ

ఇంటర్మీడియట్ చదువుతున్నవారిని తర్వాత ఏం చేస్తారని అడిగి చూడండి. బ్యాంకు ఉద్యోగమనో, టీచరు ఉద్యోగమనో, కంప్యూటరు పని అనో వెంటనే చెబుతారు. ఆ ఉద్యోగంలో ఉదయం పది గంటల నుంచి సాయంత్రం దాకా ఏ పని చేయాలి అని మళ్లీ అడిగితే జవాబు అంత త్వరగా రాదు. ఇందులో వారి తప్పేమీ లేదు. వృత్తుల పేర్లు, జీతాలు మన చెవిన పడుతుంటాయి గాని, ఆ పనిని దగ్గరగా చూసే అవకాశం కొద్దిమందికే దొరుకుతుంది. మూడేళ్లు ఫీజు కట్టాక "ఈ పని నాకు సరిపడదు" అని తెలిస్తే చాలా నష్టం. మధ్యలో చదువు ఆపి మళ్లీ పుస్తకం పట్టిన మీ వంటి అభ్యాసకులకు ఆ నష్టం ఇంకా బరువు.

ఈ నష్టాన్ని తగ్గించే మార్గాల్లో స్వల్పకాలిక ప్రాజెక్టు పని ఒకటి. దీన్ని ఇంటర్న్‌షిప్ అని కూడా అంటున్నారు. నాలుగు నుంచి ఎనిమిది వారాల పాటు ఒక సంస్థలో, ఒక నిర్దిష్టమైన చిన్న పనిని, ఒకరి పర్యవేక్షణలో పూర్తి చేసి నివేదిక ఇవ్వడం ఇందులో ముఖ్యం. అందుకు విద్యార్థికి కొంత భృతి ముడుతుంది. భృతి ఎందుకు ఉండాలో కొంచెం తర్వాత చూద్దాం. ముందుగా ఒక ఊరికి వెళ్దాం.

బార్డోలీలో రెండు రకాల లెక్కలు

గుజరాత్‌లోని సూరత్ జిల్లాలో, సూరత్ నగరానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో బార్డోలీ ఉంది. మీరు చరిత్ర పాఠంలో ఈ పేరు చదివే ఉంటారు. బొంబాయి ప్రభుత్వం ఇక్కడి భూమి శిస్తును దాదాపు 22 శాతం పెంచినప్పుడు, 1928లో వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో రైతులు శిస్తు కట్టడం మానేశారు. రాజీ కుదిరాక బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులు ఊళ్లు తిరిగి విచారణ జరిపారు. పెంపునకు ఆధారంగా చూపిన కౌలు లెక్కలను ముందటి అధికారి సరిగా పరిశీలించలేదని వారికి తెలిసింది. చివరకు 22 శాతం కాస్తా 6.03 శాతానికి దిగింది. పొలం గట్టు మీద నిలబడి రాసిన అంకెకూ, కచేరీలో కూర్చుని రాసిన అంకెకూ ఇంత తేడా ఉంటుంది.

ఆ మరుసటి ఏడాదే అహ్మదాబాద్‌లోని గుజరాత్ విద్యాపీఠంలో ఆచార్యుడిగా ఉన్న జె.సి. కుమారప్ప, ఖేడా జిల్లాలోని మాతర్ తాలూకాలో ఆర్థిక సర్వే మొదలుపెట్టారు. విద్యాపీఠం విద్యార్థులు ఊళ్లకు వెళ్లి కుటుంబాల ఆదాయ వ్యయాలను రాసుకొచ్చారు. ఆ నివేదిక 1931లో అచ్చయింది. కళాశాల విద్యార్థుల ప్రాజెక్టు పనికి మన దేశంలో ఇంతకన్నా మంచి నమూనా వెతకడం కష్టం.

ఇప్పుడు బార్డోలీకి పేరు తెస్తున్నది చెరకు. పట్టణాన్ని ఆనుకొని ఉన్న బాబెన్‌లోని సహకార చక్కెర ఫ్యాక్టరీ దేశంలోని పెద్ద సహకార ఫ్యాక్టరీల్లో ఒకటి. దీపావళి ముందు వెనుకల్లో క్రషింగ్ మొదలై ఎండాకాలం వచ్చేదాకా సాగుతుంది. చెరకు నరకడానికి డాంగ్ జిల్లా నుంచి, మహారాష్ట్రలోని ధులే, నందుర్బార్ జిల్లాల నుంచి కుటుంబాలు కుటుంబాలే వస్తాయి. భార్యాభర్తలిద్దరినీ కలిపి ఒక "కోయతా"గా లెక్కిస్తారు. కోయతా అంటే చెరకు నరికే కత్తి. మనిషిని కత్తి పేరుతో లెక్కించే ఈ పద్ధతి గురించి సాంఘిక శాస్త్ర విద్యార్థి ఒక ప్రాజెక్టంతా రాయవచ్చు.

ఇలాంటి ఫ్యాక్టరీ చుట్టూ కళాశాల విద్యార్థులు చేయదగిన పనులు చాలా ఉన్నాయి. రసాయనశాస్త్రం చదివేవారు రిఫ్రాక్టోమీటరుతో పొలంలోనే చెరకు రసం బ్రిక్స్ చూడవచ్చు. బ్రిక్స్ అంటే రసంలో కరిగి ఉన్న ఘనపదార్థాల శాతం. గడ మొదట్లోనూ కొసలోనూ ఈ అంకె దాదాపు సమానమైతే చెరకు పక్వానికి వచ్చినట్లు. నరికిన చెరకు ఆలస్యమైన కొద్దీ చక్కెర తగ్గిపోతుంది కనుక ఏ పొలం ఏ రోజు నరకాలి అన్నది రైతుకూ ఫ్యాక్టరీకీ ముఖ్యమైన ప్రశ్న. బి.కాం. విద్యార్థికి మరో రకం పని ఉంటుంది. దాన్ని కొంచెం వివరంగా చూద్దాం.

ఒక విద్యార్థిని లెక్క

సూరత్‌లో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా మగ్గాల మీద పనిచేస్తున్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. అలాంటి కుటుంబంలోని ఒక అమ్మాయి బి.కాం. చదువుతూ, ఖాళీ వేళల్లో ఇంటి దగ్గర చీరలకు రాళ్లు అతికిస్తున్నదనుకుందాం. అకౌంట్స్ పని తనకు నచ్చుతుందో లేదో ఆమెకు తెలియదు. బార్డోలీ దగ్గర ఒక స్వచ్ఛంద సంస్థలో ఆరు వారాల ప్రాజెక్టు ఉందని తెలిసింది. నలభై కోయతాల దగ్గరకు వెళ్లి, సీజనుకు ముందు ముకద్దం ఇచ్చిన అడ్వాన్సు ఎంత, నరికిన టన్నులు ఎన్ని, కోతలు పోను చేతికి వచ్చేది ఎంత అని రాసి పట్టిక తయారు చేయాలి. ముకద్దం అంటే కూలీలను తీసుకువచ్చే మేస్త్రి.

ఆరు వారాల్లో పనిదినాలు 30. రాళ్ల పనిలో ఆమెకు రోజుకు 120 రూపాయలు వస్తున్నాయనుకుంటే, పోయేది 3,600 రూపాయలు. రానుపోను బస్సుకు రోజుకు 80 చొప్పున 2,400. మొత్తం 6,000 రూపాయలు. అంటే "ఉచిత" ప్రాజెక్టు ఆమె ఇంటికి ఆరు వేల ఖర్చు. ఆ సొమ్ము భరించగల ఇంటి పిల్లలే అటువంటి పనికి వెళ్లగలరు, ముందుగా పని చూసినవారికే తర్వాత ఉద్యోగం దొరుకుతుంది. సంస్థ ఆరు వేలు భృతి ఇస్తే ఆమెకు మిగిలేదీ లేదు, పోయేదీ లేదు. కాని పని చూసి వస్తుంది. భృతిని సంస్థ చేసే దయగా అనుకోకూడదు అనడానికి కారణం ఇదే.

మరి ఆమె ఏం చూస్తుంది? మొదటి వారంలోనే తన గుజరాతీ చాలదని తెలుస్తుంది. డాంగ్ నుంచి వచ్చినవారి మాట వేరు, ఖాన్‌దేశ్ నుంచి వచ్చినవారి అహిరాణీ వేరు. రాత్రి చెరకు బండి ఎక్కించినవారు పగలు నిద్రపోతుంటారు కనుక, లెక్క అడగాలంటే వారి వేళకు వెళ్లాలి. ముకద్దం చిట్టాలో ఉన్న టన్నులకూ కూలీ జ్ఞాపకం ఉంచుకున్న టన్నులకూ పొంతన కుదరదు. ఇక్కడే అసలు పరీక్ష ఉంది. ఆ తేడా ఎక్కడ వచ్చిందో తెలిసేదాకా ఆమెకు నిద్ర పట్టకపోతే, ఆడిటు పని ఆమెకు సరిపోతుంది. అంకెలకన్నా ఆ డేరాల్లోని పిల్లల చదువు మీదకే మనసు పోతుంటే, సమాజసేవ చదువు గురించి ఆలోచించవచ్చు. "ఇది నా పని కాదు" అని తేలినా ఆరు వారాలు వృథా కాలేదు. మూడేళ్లు మిగిలాయి.

చట్టం, పథకాలు

ప్రాజెక్టు పనినీ అప్రెంటిస్‌షిప్‌నూ ఒకటిగా అనుకోకండి. అప్రెంటిస్ శిక్షణకు 1961 నాటి ప్రత్యేక చట్టం ఉంది. అందులో ఒప్పందం రాసుకోవాలి, కనీస భృతి తప్పనిసరి, శిక్షణకాలం ఎక్కువ. కొద్దివారాల ప్రాజెక్టులకు అటువంటి రక్షణ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి డిగ్రీ విద్యార్థులకు సమాజసేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లు కలిపి పది నెలలు తప్పనిసరి చేశారు. ఆ నిబంధన పనిని తప్పనిసరి చేసింది గాని భృతిని చేయలేదు.

2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదటి విడతలో కాలవ్యవధిలో పెద్దదిగా, 12 నెలలుగా ఉండేది. మొదటి విడత నిబంధనల్లో నెలకు 5,000 రూపాయలు, చేరేటప్పుడు ఒకసారి 6,000 రూపాయలు అని ఉంది. అప్పటి వయోపరిమితి 21 నుంచి 24. అప్పుడు రెగ్యులర్ కళాశాలలో చదువుతున్నవారికి అర్హత ఇవ్వలేదు, దూరవిద్యలో చదువుతున్నవారికి ఇచ్చారు. పదో తరగతి పాసైనవారు కూడా దరఖాస్తు చేయవచ్చునన్నారు. దూరవిద్య అభ్యాసకులను ముందు వరుసలో నిలబెట్టిన పథకాలు అరుదు. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కనుక దరఖాస్తుకు ముందు తాజా ప్రకటన చదవండి.

చేరే ముందు

పని ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పమని సంస్థను అడగండి. "అన్నీ చూసుకోవాలి" అంటే ఫోటోకాపీలు తీయడం, టీ తేవడం అని అర్థం కావచ్చు. మీకు పని చూపించే మనిషి ఎవరు, ఆయన వారానికి ఎన్నిసార్లు మీతో కూర్చుంటారు అన్నది భృతి మొత్తం కన్నా ముఖ్యమైన ప్రశ్న. భృతి ఎంత, ఏ తేదీన, బస్సు ఖర్చులు కలిపా విడిగానా అన్నది కాగితం మీద రాయించుకోండి. సర్టిఫికెట్ కోసం మీ దగ్గరే డబ్బు అడిగే చోటికి మాత్రం వెళ్లకండి.

పని సాగినన్నాళ్లూ రోజూ ఒక పేజీ రాయండి. ఏం చేశాను, ఎంతసేపు చేశాను, ఎప్పుడు విసుగు పుట్టింది, ఎప్పుడు గడియారం చూడడం మరిచిపోయాను అని. ఆఖరి రెండు ప్రశ్నలను సంస్థ అడగదు. మీరే అడుగుకోవాలి.

మీరే చేసి చూడండి

1. పైన చెప్పిన విద్యార్థినికి సంస్థ 4,500 రూపాయలు భృతి ఇచ్చి, బస్సు ఖర్చు విడిగా ఇస్తానన్నది. ఆమెకు లాభమా, నష్టమా? ఎంత?

2. మీ ఊరికి దగ్గరలో ఉన్న రైస్‌మిల్లు, పాల కేంద్రం, సహకార సంఘం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వీటిలో ఒకదాన్ని ఎంచుకోండి. నాలుగు వారాల్లో ముగిసే ఒక ప్రాజెక్టు పనిని ఒక్క వాక్యంలో రాయండి. ఆ పని పూర్తయితే ఎవరికి ఏ లెక్క తేలుతుంది?

3. ఆ ప్రాజెక్టులో మీరు చేరితే మీ ఇంటికి అయ్యే ఖర్చెంతో, విద్యార్థిని లెక్కలాగే వేయండి.