చర్చిగేటు: ద్వారము లేని స్టేషను

ముంబయిలో చర్చిగేటు స్టేషనున దిగిన క్రొత్త ప్రయాణికుడు ఆ పేరులోని ద్వారమును వెదకినచో అది ఎందును కానరాదు. పూర్వము బొంబాయి కోటకు పడమటి వైపున ఒక ద్వారముండెడిది. కోటలోని సెయింట్ థామసు చర్చికి పోవు బాట దాని గుండ సాగుటచే జనులు దానిని చర్చిగేటు అనిరి. నగరము పెరిగి కోటగోడలు అడ్డము కాగా, గవర్నరు బార్టిల్ ఫ్రియరు కాలమున, 1860–70 నడుమ, వానిని పడగొట్టిరి. ద్వారమున్న తావున నేడు ఫ్లోరా ఫౌంటెను నిలిచియున్నది. దానికి పడమటగా 1870లో స్టేషను తెఱచునాటికి ద్వారము లేదు. పేరు మాత్రము రైలు టిక్కెట్టుపై కెక్కినది.

ఈ స్టేషను మొదట తుది మజిలీ కాదు. బొంబాయి, బరోడా, సెంట్రల్ ఇండియా రైల్వే కంపెనీవారు 1867 ఏప్రిల్ 12న విరారు, బ్యాక్‌బేల నడుమ తొలి స్థానిక రైలును నడపిరి. తరువాత పట్టాలు దక్షిణమున కొలాబా వఱకు సాగినవి. చర్చిగేటున రైళ్లు కొంతసేపాగి ముందునకు పోయెడివి. అప్పుడు పట్టాలకు పడమట అనతిదూరముననే సముద్రముండెను.

1928 జనవరి 5న బొరివిలి వఱకు విద్యుద్రైళ్లు వచ్చినవి. ఆ కాలముననే బ్యాక్‌బే సముద్రమును పూడ్చి నేల సంపాదించు పని సాగుచుండెను. 1930 డిసెంబరులో దూరపు రైళ్లకు బొంబాయి సెంట్రల్ స్టేషను ఏర్పడినది. ఆ నెలాఖరుననే కొలాబా మార్గము మూతపడినది. నడిమి మజిలీ ఒక్క రాత్రిలో తుది మజిలీ అయినది. కొలాబాకు ఒకప్పుడు రైలు పోయెడిదనిన నేటి విద్యార్థి నమ్ముట కష్టము. పూడ్చిన నేలపై మెరైన్ డ్రైవు, బ్రేబోర్ను క్రీడారంగము, స్టేషను చెంతనే 1938లో ఈరోసు సినిమాశాల వెలసినవి. సముద్రము పడమటికి, రైలు ఉత్తరమునకు జరిగి, నడుమ నగరమునకు చోటిచ్చినవి.

పట్టాలు ఇచట ముగియుట వలన స్టేషను అమరిక మిక్కిలి సులభమైనది. ప్లాట్‌ఫారములు నాలుగు. వాని దక్షిణపు కొసలన్నియు ఒకే విశాలమైన చావడిలో కలియును. ఇతర స్టేషనులలో వలె వంతెన మెట్లెక్కి దిగు శ్రమ లేక, ఏ రైలు దిగినవాడైనను నేరుగా ముందునకు నడచి వీథిని చేరవచ్చును. వీథి దాటుటకు భూమిలోపల బాట కలదు. పొగబండి కాలమున ఇట్టి చోట ఇంజనును విప్పి రెండవ కొసకు చేర్చవలసి వచ్చెడిది. విద్యుద్రైలుకు రెండు కొసలను చోదకుని గది యుండును. దక్షిణముఖముగా వచ్చిన బండి, ముఖము త్రిప్పకయే ఉత్తరమునకు మరలును. కొన్ని నిమిషములలో బండి మరలింపగలుగుట వలననే నాలుగు ప్లాట్‌ఫారములు ఇంతటి జనప్రవాహమును మోయుచున్నవి.

ఈ అమరికలో అపాయము లేకపోలేదు. పట్టాల కొసనున్న అడ్డుకట్ట కావలనే జనులు నడచుచుందురు. 2015 జూన్ 28న ఒక బండి ఆగక ఆ కట్టను గ్రుద్ది ప్లాట్‌ఫారముపై కెక్కినది. ఆదివారమగుటచే రద్దీ తక్కువ. పనిదినమైనచో ఏమయ్యెడిదో తలచుటకే భయమగును.

ఉదయము బండ్లు నిండుగా వచ్చును. ఉద్యోగుల వెనుకనే వారి మధ్యాహ్న భోజనపు డబ్బాలును దిగును. 1992 మే 5 నుండి స్త్రీలకే ప్రత్యేకమైన బండియు బొరివిలికి నడచుచున్నది. సాయంకాలము ప్రవాహము తిరుగబడును. విరారు 60 కిలోమీటర్లు; అంతదూరము నిలుచుండి పోవుట సామాన్యమైన కష్టము కాదు. అందుచే మెరైన్ లైన్సున బండి యెక్కవలసినవారు కొందఱు ముందు చర్చిగేటు వైపు వచ్చు బండి యెక్కుదురు. అది చర్చిగేటు చేరినను దిగక, తమ చోటు వదలక, అదే బండిలో ఇంటికి మరలుదురు. ఉత్తరమునకు పోవలసినవాడు ఒక స్టేషను దక్షిణమునకు పోవుట, కూర్చుండుటకు జానెడు చోటు కొఱకే.