నీటి రెక్క పలకను ఎన్నుకొనుట ఎట్లు?

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవము ముగిసిన పిదప ఒక తండ్రిగారు మా గదికి వచ్చి కూర్చుండిరి. వారి పెద్ద కుమారుడు మా యొద్ద పదవ తరగతి వఱకు తెలుగు మాధ్యమమున చదివినవాడు. ఇప్పుడు అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రమందలి పోర్ట్‌లండ్ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. తండ్రిగారు తమ ఫోనులో ఒక ఛాయాచిత్రమును చూపిరి. నల్లని తొడుగు ధరించిన మన పిల్లవాడు నది యొడ్డున నిలిచియున్నాడు. చంకలో ఒక పలక, ఆ పలక అడుగున విమానపు రెక్కల వంటి వస్తువు కనబడుచున్నవి.

"మాస్టారూ, వీడు దీనిమీద నిలబడి నీళ్లమీద ఎగురుతాడట. మొన్న మునిగినంత పని అయిందట. ఇప్పుడు ఇంకో పలక కొంటానంటున్నాడు. వాళ్లమ్మ సరిగా అన్నం తినడం లేదు. మీ మాట వింటాడు, వద్దని ఒక్క ముక్క వ్రాయండి" అని వారు కోరిరి.

మేము వెంటనే వ్రాయలేదు. తెలియని దానిని వద్దని చెప్పుట ఉపాధ్యాయునకు తగదు. ముందు సంగతి తెలుపుమని పిల్లవానికి వ్రాసితిమి. అతడు మూడు దీర్ఘమైన ఉత్తరములు పంపెను. వానిని చదివి, తక్కిన విషయములను సమకూర్చుకొని చూడగా, ఆ యపాయమునకు ముఖ్యకారణము ఆట కాదనియు, తనకు తగని పలకను ఎన్నుకొనుటయే యనియు మాకు బోధపడినది. మన బళ్లారి ప్రాంతపు పిల్లలు అనేకులు నేడు సముద్ర తీరములందును, పెద్ద నదుల యొడ్డునను నివసించుచున్నారు. ఇట్టి ప్రశ్న ఇతర తలిదండ్రులకును రావచ్చును గనుక తెలిసికొన్నంత మేరకు ఇచ్చట వివరించుచున్నాము.

ఇది ఏమి వస్తువు?

పలక అడుగున సుమారు ముప్పాతిక మీటరు పొడవు గల నిలువు స్తంభము ఉండును. దాని కొనకు అడ్డముగా రెక్కలు ఉండును. ఈ రెక్కల అమరికను ఫాయిల్ అందురు. పలక ముందునకు కదలునప్పుడు రెక్క నీటిని క్రిందికి నెట్టును. నీరు రెక్కను పైకి నెట్టును. వేగము రెండింతలైనచో ఈ లేవనెత్తు బలము నాలుగింతలగును. తగిన వేగము రాగానే పలకయు, దానిపై మనిషియు నీటిని విడిచి పైకి లేతురు. రెక్క మాత్రము నీటిలోనే యుండును. పలకకు నీటి రాపిడి తప్పుటచేత పయనము మిక్కిలి తేలికగా సాగును.

ఈ సూత్రము క్రొత్తది కాదు. ఇటలీ దేశస్థుడైన ఎన్రికో ఫోర్లనీనీ 1906లో మజ్జోరే సరస్సున ఇట్టి రెక్కలు గల పడవను నడిపెను. టెలిఫోనుతో ప్రసిద్ధికెక్కిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన సహచరులతో నిర్మించిన రెక్కల పడవ 1919లో కెనడాలో గంటకు 70 మైళ్లకు మించిన వేగముతో పోయెను. ఒక మనిషి చంకన పెట్టుకొని పోదగిన పలకకు ఈ రెక్క అమరి, ఆట వస్తువుగా విరివియగుట మాత్రము ఇటీవలి సంగతి.

పలకను లాగుటకు గాలి కావలెను. ఆ గాలిని పట్టు సాధనములు రెండు. మొదటిది వింగ్. దీనికి గాలి నింపిన గొట్టము అంచుగా నుండును. దీనిని చేతులతో పట్టుకొందురు, పలకకు తగిలింపరు. 2019 ప్రాంతమునుండి ఇది అంగళ్లలో విరివిగా దొరకుచున్నది. రెండవది పారావింగ్. 2024లో హవాయి దీవులలోని మావీ నుండి ఇది ప్రచారములోనికి వచ్చెను. దీనిలో గాలి గొట్టములు లేవు. పలుచని బట్ట, దానినుండి దిగు సన్నని త్రాళ్లు, ఆ త్రాళ్లు చేరు పొట్టి కడ్డీ, ఇంతే. పలక పైకి లేచిన పిదప ఈ బట్టను ముడిచి నడుము సంచిలో దోపుకొని, అలల త్రోపుడుతోనే దూరము పోవచ్చును. మరల కావలసినప్పుడు తీసి విప్పుదురు.

మూడు తరగతుల పలకలు

పలకలను స్థూలముగా మూడు తరగతులుగా చెప్పవచ్చును. ఐదడుగులకు అటునిటుగా నుండి, ఇరువది రెండంగుళములు, అంతకు మించిన వెడల్పు గలవి పొట్టి పలకలు. ఏడు ఎనిమిది అడుగుల పొడవుండి మిక్కిలి సన్నగా నుండునవి అలలవెంట పోవుటకు చేసిన పొడుగు పలకలు. ఈ రెండింటి నడుమ, ఐదున్నర మొదలు ఆరున్నర అడుగుల దాక పొడవును, పందొమ్మిది ఇరువది అంగుళముల వెడల్పును గలవి మిడ్ లెంగ్త్ పలకలు, అనగా మధ్యమ పలకలు. కొలతలు చేయువారిని బట్టి కొంత మారుచుండును.

మన ప్రాంతమువారు తుంగభద్రలో పుట్టి యెక్కియుందురు. గుండ్రని పుట్టి పదిమందిని మోయును గాని ఎంత తెడ్డు వేసినను గిరగిర తిరుగునే తప్ప వేగమెత్తదు. గోదావరిమీది సన్నని దోనె చిన్న తెడ్డుకే బాణమువలె సాగును. పొడవుగా, సన్నగా నున్నది నీటిని సులువుగా చీల్చును. తన ముందు అలను గుట్టగా పోసికొనదు. పలక పైకి లేచుటకు ముందు అదియు ఒక పడవయే. పొట్టి వెడల్పు పలకను లేవనెత్తు వేగమునకు తెచ్చుటకు బలమైన లాగుడు కావలెను. మధ్యమ పలక తక్కువ గాలికే ఆ వేగమును అందుకొనును.

వింగ్‌తో పోల్చినచో పారావింగ్ ఆరంభమున ఇచ్చు లాగుడు తక్కువ. వింగ్‌ను చేతులతో ఊపి అదనపు బలము పుట్టింపవచ్చును; పారావింగ్‌తో అంతగా సాధ్యము కాదు. కనుకనే పారావింగ్ వాడువారికి మధ్యమ పలక మిక్కిలి అనుకూలము. వింగ్ మాత్రమే వాడుచు, గట్టి గాలిలో మలుపులు తిరుగుటయే ఆనందముగా గలవారికి పొట్టి పలకయే చాలును.

అట్లని పొడవు ఎంత పెరిగిన అంత మేలనుటయు సరికాదు. నిట్టాడిని భుజమున పెట్టుకొని ఇరుకు సందులో మలుపు తిరిగినవానికి పొడవు తెచ్చు కష్టము తెలియును. బరువు సమానమైనను, ఐదడుగుల పలకను త్రిప్పుటకన్న ఏడడుగుల పలకను త్రిప్పుటకు ఇంచుమించు రెండింతల బలము కావలెను. ఏలయన ఈ జడత్వము పొడవు యొక్క వర్గమునుబట్టి పెరుగును. గాలిలోనికి లేచిన పిదప పొడవైన ముక్కు బరువగును; గాలి విసరులకు ఊగును. ఈ రెండు దోషములకు నడుమ కుదిరిన ఒప్పందమే మధ్యమ పలక.

అన్నిటికన్న ముఖ్యము: లీటర్లు

మన పిల్లవాడు చేసిన పొరపాటు ఇచ్చటనే యున్నది. పలకపై దాని ఘనపరిమాణము లీటర్లలో వ్రాయబడియుండును. ఆర్కిమిడీస్ సూత్రము ఎనిమిదవ తరగతి పిల్లలకు గూడ చెప్పవచ్చును: ఒక లీటరు మంచినీరు ఒక కిలో బరువు. కావున 58 లీటర్ల పలక పూర్తిగా మునిగినప్పుడు 58 కిలోల బరువును మాత్రమే మోయగలదు. సముద్రపు నీరు కొంచెము బరువైనది గనుక అచ్చట మరియొక కిలో, కిలోన్నర హెచ్చుగా మోయును.

మన పిల్లవాని బరువు 74 కిలోలు. పలక 5, ఫాయిల్ 4, తడిసిన తొడుగు, రక్షణ కవచము, పారావింగ్ కలిసి 4. మొత్తము 87 కిలోలు. అతడు కొన్నది ఐదడుగుల పలక, 58 లీటర్లు. ఆఱితేరినవారు అట్టిదే వాడుచుండగా చూచి ముచ్చటపడి కొన్నాడు. లెక్కకు 29 కిలోలు తక్కువ. ఆ తక్కువను అతని శరీరమే నీటిలో మునిగి పూరింపవలెను. అనగా పలకపై మోకరించినచో ఇంచుమించు నడుము దాక నీటిలో నుండవలెను. గాలి యున్నంత సేపు ఇది దోషముగా కనబడదు. గాలి లాగును, పలక లేచును, మనిషి ఎగురును. గాలి ఆగిన నిమిషమున లెక్క తన మాట తాను చెప్పును.

2025 జూన్ మాసమున ఒక సాయంకాలము అతడు హుడ్ రివర్ అను ఊరి వద్ద కొలంబియా నదిలో దిగెను. అచ్చట వేసవిలో పడమటి గాలి నదికి ఎదురుగా వీచును. నది పడమరకు పాఱును. గాలికిని ప్రవాహమునకును జరుగు ఈ పెనుగులాట వలన అలలు ఎత్తుగా లేచును. అందుకే ఈ ఆటకు ఆ చోటు పేరుపొందినది. ఆనాడు గాలి హఠాత్తుగా తగ్గెను. పారావింగ్ నీటిలో పడి తడిసెను, త్రాళ్లు చిక్కుపడెను. వింగ్ అయినచో గాలి గొట్టము తేలును, దానిని ఆసరాగా పట్టుకొనవచ్చును. తడిసిన బట్ట ఆసరా కాదు. అతడు దానిని చుట్టి దోపుకొని, పలకపై బోర్ల పరుండి చేతులతో తెడ్డు వేయబోయెను. పలక అతని క్రిందనే మునిగియుండెను. ఎంత తోసినను ముందునకు సాగలేదు. నీరు చల్లన, ప్రవాహము పడమరకు ఈడ్చుచున్నది, ఆ నదిలో సరకుల పడవలు తిరుగుచుండును. ఒక గంట తరువాత మోటారు పడవలో పోవు ఎవరో పుణ్యాత్ములు చూచి ఒడ్డు చేర్చిరి. అప్పటికి వ్రేళ్లు కొంకరలు పోయినవని అతడు వ్రాసెను. ఇంటికి చెప్పినది ఇందులో సగమే.

అనుభవజ్ఞులు సాధారణముగా చెప్పు కొలత ఇట్లున్నది. మొదట నేర్చుకొనువారు తమ బరువుకు 30, 40 లీటర్లు హెచ్చు గల వెడల్పు పలకను తీసికొనవలెను. వారికి మధ్యమ పలక తగదు. పడకుండ పోవుటయు, మలుపు తిరుగుటయు వచ్చిన పిదప మధ్యమ పలకకు మారువారు తమ బరువుకు 10 మొదలు 20 లీటర్లు హెచ్చు చూచుకొనుట మేలు. పారావింగ్ క్రొత్తగా పట్టువారికి ఈ హెచ్చు అవసరమే. బరువుకు సమానముగనో, తక్కువగనో నున్న లీటర్లు ఆఱితేరినవారి కొఱకు. పై లెక్కచొప్పున మన పిల్లవానికి ఆరడుగుల పైచిలుకు పొడవు, ఇరువది అంగుళముల వెడల్పు, 90 లీటర్ల పలక సరిపోవును. అంచుల దాక మునిగినను అది అతనిని తేల్చును. చేతులతో త్రోసికొని ఇల్లు చేరవచ్చును.

చూడవలసిన ఇతర విషయములు

వెడల్పు తగ్గినకొలది పలక పక్కలకు దొర్లును. ఒకే లీటర్లు గల రెండు పలకలలో రెండంగుళముల వెడల్పు భేదము క్రొత్తవానికి నిలుచుటకును, పడుటకును గల భేదము. అలలు, గాలి విసరులు హెచ్చుగా నున్నచోట దిగువారు మరీ సన్ననిది ఎన్నుకొనరాదు.

అడుగు భాగమున తోక వైపు అంచులు చెక్కినట్లుండవలెను. అప్పుడు పలక నీటిని విడుచునప్పుడు అంటుకొనక తేలికగా లేచును. రెక్క స్తంభమును బిగించు రెండు గాడులు పొడవుగా నున్నచో ఫాయిల్‌ను ముందు వెనుకలకు జరుపుకొనవచ్చును. ముందునకు జరిపిన కొలది లేచుట సులభము, వెనుకకు జరిపిన కొలది ముక్కు అణగియుండును. తక్కెడకు ముల్లు సరిచేసినట్లు ఇది ఎవరికి వారు సరిచేసికొనవలసినదే.

పలక లోపల తేలికైన నురుగు దిమ్మ, పైన గాజు లేక కార్బన్ నార పొర ఉండును. వాడిన పలకను కొనువారు బొటనవ్రేలితో అంతటను నొక్కి చూడవలెను. మెత్తబడిన చోటుగాని, గాడుల చుట్టు బీటగాని యున్నచో నీరు లోపలికి పోయియుండవచ్చును. మూసిన కారులో ఎండలో ఉంచరాదు. లోని గాలి వ్యాకోచించి పొరను చీల్చును. గాలి మఱ ఉన్న పలకలకు విమాన ప్రయాణమునకు ముందు దానిని వదులు చేసి, నీటిలో దిగుటకు ముందు బిగింపవలెను.

శిరస్త్రాణము, తేలు కవచము, పలకను మనిషికి కట్టు త్రాడు, ఈ మూడును లేక దిగరాదు. రెక్క అంచులు కత్తివలె నుండును. మునుకాలి లోతు నీటిలో పడినచో రెక్క నేలకు తగులును, మనిషి రెక్కకు తగులును.

తలిదండ్రులు అడుగవలసిన ప్రశ్నలు

దూరముననున్న పిల్లలు ఇట్టి వస్తువును కొందుమనినచో వెల మాత్రమే అడిగి ఊరకుండరాదు. నీ బరువెంత, పలక లీటర్లెన్ని? నీవు వాడునది వింగా, పారావింగా? దిగుచోట ప్రవాహము ఎటు, గాలి ఎటు? వెంట ఎవరుందురు? చివరగా, గాలి ఆగినచో నీ రెండు చేతులతో ఒడ్డు చేరగలవా? ఈ చివరి ప్రశ్నకు మాటతో గాక చేతతో సమాధానము రావలెను. కొనుటకు ముందు ఒకదానిని అరువు తెచ్చుకొని, గాలి లేని దినమున, సామగ్రి యంతయు ధరించి, ఒడ్డు ప్రక్కనే రెండు వందల గజములు చేతులతో త్రోసికొని చూడవలెను. పోగలిగినచో ఆ పలక అతనిది.

మేము పిల్లవానికి వద్దని వ్రాయలేదు. ఈ లెక్కను వ్రాసి, నీవే కూడిక తీసి పంపుమంటిమి. పదవ తరగతిలో కూడికలయందు తొందరపడి మార్కులు పోగొట్టుకొనెడివాడు. ఈసారి తప్పు లేకుండ తీసి పంపెను. పాత పలకను అమ్మి, 90 లీటర్ల మధ్యమ పలకను తీసికొన్నాడు. మునుపటి వలె చుఱుకుగా తిరుగదని కొంచెము విచారముగా వ్రాసెను. ఆ తరువాత ఒకనాడు గాలి మరల ఆగినదట. పారావింగ్‌ను చుట్టి నడుమున దోపుకొని, ఇరువది నిమిషములలో చేతులతో ఒడ్డు చేరి, అమ్మకు ఫోను చేసినాడట. ఈసారి జరిగినదంతయు చెప్పినాడని తండ్రిగారు మాకు తెలిపిరి.