పొరుగింటివారు కాలనీ నిబంధనలు పట్టించుకోకపోతే

ఆనందపురం పూల మార్కెట్ నుంచి ఏ దిక్కుకి బయల్దేరినా ఇప్పుడు లే అవుట్ల బోర్డులే కనిపిస్తాయి. అనకాపల్లి వైపు ఆరు వరసల రహదారి పడ్డాక, గంభీరంలో ఐఐఎం వచ్చాక, బంతి తోటలూ కూరగాయల మడులూ ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిలో దిగుతున్నవారిలో స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో పనిచేసి రిటైరైనవారూ ఉన్నారు. మన సంఘాల్లోనూ అలాంటి కుటుంబాలు తక్కువేమీ కాదు.

ఉక్కునగరంలోనో సాలిగ్రామపురం పోర్టు క్వార్టర్స్‌లోనో ఏళ్ల తరబడి ఉన్నవారికి ఒక అలవాటు ఉంటుంది. పక్కింటివారు దారికి అడ్డంగా రేకులు వేస్తే ఆఫీసుకి ఒక కాగితం రాస్తారు. మిగతాది ఆఫీసు చూసుకుంటుంది. ఇల్లు సంస్థది, నిబంధనా సంస్థదే. సొంత ఫ్లాటుకి వచ్చాక ఆ కాగితం ఎవరికి రాయాలి? అసోసియేషన్ ప్రెసిడెంటు అంటే రెండో అంతస్తులో ఉండే మాస్టారే. సెక్రటరీ అంటే పొద్దున్నే మనతోపాటు పాలప్యాకెట్ కోసం కిందికి దిగే కుర్రాడే. వాళ్ల మాట వినాలని చాలామందికి అనిపించదు. చెప్పడానికి వాళ్లకీ మొహమాటమే.

అందుకే తగాదాలు ముదురుతున్నాయి. పక్కవాళ్ల పార్కింగులో బండి పెట్టడం, మెట్ల మీద చెత్త సంచులు వదిలెయ్యడం, పైఅంతస్తు బాల్కనీ కడిగిన నీళ్లు కింద ఆరేసిన బట్టల మీద పడడం, నెలల తరబడి మెయింటెనెన్స్ కట్టకపోవడం. వినడానికి చిన్న విషయాలే. కానీ ఒకే గుడికి వెళ్లే రెండు కుటుంబాలు లిఫ్టులో పలకరించుకోకుండా దిగిపోతుంటే, ఆదివారం బల్ల దగ్గర పక్కపక్కన ఎలా నిలబడతారు?

ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది. మనం అడుగుతున్నది నిబంధనా, మన ఇష్టమా? అపార్ట్‌మెంటులో సెల్లారు, మెట్లు, డాబా, కారిడారు అందరి ఉమ్మడి ఆస్తి; ప్రతి ఫ్లాటు యజమానికీ భూమిలో అవిభాజ్యపు వాటా ఉంటుంది. మన రాష్ట్రంలో 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం యజమానులకు అసోసియేషన్ ఉండాలి, దాని బైలాస్‌ను కొన్నవారందరూ పాటించాలి. లే అవుట్లలో సంగతి వేరు. అనుమతి పొందిన లే అవుట్‌లో రోడ్లూ పార్కు స్థలమూ స్థానిక సంస్థకు అప్పగించినవి. ఆనందపురం మండలంలో చాలా ఊళ్లకు ఆ స్థానిక సంస్థ పంచాయతీయే. కాబట్టి ప్లాట్ల కాలనీలో ఒకాయన రోడ్డు మీదికి మెట్లు కట్టేస్తే కాగితం వెళ్లవలసింది పంచాయతీ కార్యదర్శికి. అదే రోడ్డుకి గేటు పెట్టి తాళం వేసే హక్కు అసోసియేషన్‌కీ లేదు. ఈ రెండో మాట చాలా అసోసియేషన్లకు నచ్చదు.

పార్కింగు గురించీ ఒక మాట. బిల్డరు విడిగా అమ్మాడని కొందరు కాగితం చూపిస్తారు. ముంబయికి చెందిన ఒక కేసులో 2010లో సుప్రీం కోర్టు, స్టిల్ట్ పార్కింగు ఉమ్మడి స్థలంలో భాగమని, దాన్ని బిల్డరు ఫ్లాటులా విడిగా అమ్ముకోలేడని చెప్పింది. అక్కడి చట్టం మీద ఇచ్చిన తీర్పే అయినా గొడవకి దిగేముందు తెలుసుకోదగ్గది.

ఇక ఎలా అడగాలి? మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు ప్రభువు చెప్పిన వరస మన సంఘస్థులందరికీ తెలుసు. మొదట ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. విశ్వాసుల మధ్య తప్పు గురించి చెప్పిన మాటే అయినా, ఏ మతంవారు ఉండే అపార్ట్‌మెంటుకైనా ఇంతకంటే పనికొచ్చే పద్ధతి మాకు కనబడలేదు. మనం చేస్తున్నది దీనికి సరిగ్గా తలకిందులు. మొదటి రోజే బండి ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం. నలభై కుటుంబాల ముందు పరువు పోయిన మనిషి బండి తీస్తాడా? రేపట్నుంచి కావాలనే అక్కడ పెడతాడు.

ఒంటరిగా వెళ్లడమంటే తలుపు తట్టి వెళ్లడమే. వాచ్‌మన్ చేత కబురు పంపితే అది ఒంటరిగా అడిగినట్టు కాదు. పైగా రెండువైపుల తిట్లూ ఆ వాచ్‌మనే తింటాడు. కోపం మీద ఉన్నప్పుడు కాకుండా మర్నాడు సాయంత్రం వెళ్లండి. "అన్నయ్యా, రాత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి నా చోటులో మీ బండి ఉంది, రోడ్డు మీద పెట్టుకోవలసి వచ్చింది" అని జరిగింది చెబితే చాలు. "మీరెప్పుడూ ఇంతే" అన్న మాట నోటిదాకా వచ్చినా రానివ్వకూడదు.

అలా వెళ్లినప్పుడు చాలాసార్లు తెలిసేదేమిటంటే, ఆ ఇంట్లో ఉన్నది అద్దెకున్నవారు. బైలాస్ అన్న మాటే వారు విని ఉండరు. యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. వారిని నిబంధనలు లెక్కచెయ్యనివారు అనడం న్యాయం కాదు. అద్దెకి దిగినరోజే ముఖ్యమైన నిబంధనలు తెలుగులో ఒక పేజీలో రాసి చేతికిచ్చే అసోసియేషన్‌కి సగం తగాదాలు తగ్గుతాయి.

రెండో మెట్టులో తోడు తీసుకెళ్లేవారు మన పక్షం మనుషులు కాకూడదు. ఇద్దరికీ కావలసిన పెద్దమనిషి ఒకరు చాలు. మూడో మెట్టు అసోసియేషన్. ఇక్కడ నోటిమాట పనికిరాదు. తేదీలతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, అది కమిటీ మినిట్స్‌లోకి ఎక్కాలి, అవతలివారికి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అసోసియేషన్ చెయ్యకూడనివీ ఉన్నాయి. మెయింటెనెన్స్ కట్టలేదని నీళ్లు ఆపెయ్యడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఆ ఇంట్లో చంటిపిల్లలూ మంచం పట్టిన ముసలివారూ ఉండవచ్చు, కోర్టుకి వెళితే దోషిగా నిలబడేది అసోసియేషనే కావచ్చు. కుక్కని పెంచుకుంటున్నారని ఇల్లు ఖాళీ చెయ్యమనడమూ కుదరదు. మెజారిటీ తీర్మానంతో కూడా పెంపుడు జంతువులను నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

శబ్దం విషయంలో మాత్రం బైలాస్ దాకా వెళ్లనక్కర్లేదు, చట్టమే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండుగల కోసం ఏడాదికి మొత్తం 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు.

ఈ విషయంలో దేశమంతా చెప్పుకొనే కేసులో ఒక పక్షం క్రైస్తవ సంఘమే. చెన్నైలోని ఒక పెంతెకొస్తు సంఘం డ్రమ్ములు, గిటార్లు, లౌడ్‌స్పీకర్లతో ఆరాధన చేస్తోందని కె.కె.ఆర్. మెజెస్టిక్ కాలనీ సంక్షేమ సంఘం ఫిర్యాదు చేసింది. అసలు శబ్దం రోడ్డు మీది వాహనాలదని, మైనారిటీలం కాబట్టే మా మీద పడ్డారని ఆ సంఘం వాదించింది. 2000 ఆగస్టు 30న సుప్రీం కోర్టు ఆ అప్పీలు కొట్టేసింది. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదన్నది ఆ తీర్పు సారాంశం. ఆరాధన హక్కుని ఆ తీర్పు తీసెయ్యలేదు, స్పీకర్ల శబ్దాన్నే తగ్గించమంది.

కాబట్టి ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకునేటప్పుడు మైకు అక్కర్లేదు. పదిహేనుమంది పాడితే హాలు నిండుతుంది. వచ్చేవారి బండ్లు ఎక్కడ పెట్టాలో ముందే చెప్పాలి. డిసెంబరులో క్యారల్స్ బృందం వచ్చే రాత్రి ఏదో, ఎన్ని గంటలకో అసోసియేషన్‌కి వారం ముందు చీటీ రాసి ఇస్తే, పరీక్షలకు చదువుకునే పిల్లలున్న ఇళ్లవారు ఏ బ్లాకు దగ్గర ఆగవద్దో చెబుతారు. వినాయక చవితికి అవతలివారు మన నుంచి కోరే ఓర్పు, డిసెంబరులో మనం వారి నుంచి కోరుతున్నదే.

ఇన్ని మెట్లూ ఎక్కినా వినని మనిషి ఉంటాడు. అర్ధరాత్రి శబ్దమైతే 112కి ఫోన్ చెయ్యవచ్చు. దాన్ని కక్షసాధింపు అనుకోనక్కర్లేదు. అసోసియేషన్ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, సభ్యుల మధ్య వివాదం మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లవచ్చు. అంతకుముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవడం మేలు. కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెడతారు, కోర్టు ఫీజు ఉండదు. అవతలివారు ఒప్పుకుంటేనే రాజీ కుదురుతుంది. కుదిరితే దానికి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, పైకోర్టులో అప్పీలు ఉండదు. అందుకే సంతకం పెట్టేముందు ఏ బండి ఏ చోటు నుంచి ఏ తేదీలోగా తీస్తారో, బకాయి ఎన్ని వాయిదాల్లో కడతారో వివరంగా రాయించుకోవాలి.