వదిన మరచిన తేదీ

నిరుడు శివరాత్రికి శ్రీముఖలింగం వెళ్ళాము. దారిలో జలుమూరు దగ్గరి పల్లెలో వుండే మా వదినను కూడా వెంటబెట్టుకున్నాను. మధుకేశ్వరుని గుడి ముందు దిగగానే ఆవిడ, "మీరు వెళ్ళి రండమ్మాయీ, నేనిక్కడే కూర్చుంటాను" అన్నది. కారణం అడగనక్కరలేదు. కాని సంక్రాంతికీ అదే కారణం, ఆ తరువాత జరిగిన పెళ్ళికీ అదే కారణం. నెలలో పదిహేను రోజులు మైలేనా?

నేను తెలుగు చెప్పుకొని బతికే దాన్ని. గుడిలోకి వెళితే ముందు శాసనాల మీదికే పోతుంది నా చూపు. గాంగరాజుల కళింగనగరం యిదేనని గిడుగు రామమూర్తిగారు ఆ శాసనాల ఆధారంతోనే వాదించారు. ఎవరో ఒక అఖండదీపానికి దానమిచ్చినా, అది ఏ శక సంవత్సరమో రాతి మీద చెక్కించారు.

బయటికి వచ్చి వదిన పక్కన కూర్చుని, "కాపర్ టీ ఎప్పుడు వేయించుకున్నావు?" అని అడిగాను.

"చిన్నవాడికి పాలు మాన్పించిన యేడు."

చిన్నవాడు యిప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. వేళ్ళు ముడిచి లెక్కవేస్తే పదిహేడేళ్ళు!

"తీయించుకోలేదేం వదినా?"

"తీస్తే సంచి కూడా జారి వస్తుందన్నారు. అయినా యిప్పుడు సంచే తీసేయమంటున్నారుగా!"

ఏదో ఆసుపత్రిలో ఆ మాట అన్నారట. అన్నయ్య ధాన్యం అమ్మిన డబ్బు అందుకని పక్కన పెట్టాడట. నా గుండె జల్లుమన్నది. నాది గడువు రాగానే తీయించుకున్నాను. ఆ సంగతి వదినకైనా చెప్పలేదు. చదువుకున్నదాన్నయి వుండీ నోరు విప్పకపోవడం నా తప్పు కాదనలేను. అందుకే ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

మన దేశంలో 1965లో కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోకి లూపు వచ్చింది. అమెరికా డాక్టరు జాక్ లిప్పిస్ తయారుచేసిన మెలికల ప్లాస్టిక్కు అది. దానికి రాగి లేదు, ఇన్నేళ్ళకు మార్చాలన్న గడువూ లేదు. "వేస్తే వేసినట్టే" అన్న మాట ఆనాటిది. తరువాత వచ్చిన కాపర్ టీ పనిచేసేది దాని మీది రాగి వల్ల. దానికి గడువు వుంది. 380-ఏ రకానికి 10 ఏళ్ళు, 375 రకానికి 5 ఏళ్ళు. హార్మోను రకాలకు గడువు వేరు, కార్డులో చూసుకోవాలి. నలభై దాటాక కాపర్ టీ వేయించుకున్న వారిని బహిష్టులు ఆగేదాకా వుంచుకోమని డాక్టర్లు అనడం కూడా కద్దు.

మరి ఎప్పుడు తీయించుకోవాలి? గడువు తీరినప్పుడు. బిడ్డ కావాలనుకున్నప్పుడు, తీసిన నెలలోనే గర్భం నిలవవచ్చు. బహిష్టులు పూర్తిగా ఆగి యేడాది గడిచాక. యాభై లోపు ఆగితే యింకొంత కాలం వుంచమనవచ్చు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు రక్తస్రావం, నొప్పి కొంచెం ఎక్కువగా వుండడం మామూలే. మందులకు కూడా తగ్గకుంటే తీయించుకోవచ్చు. అది సగం జారినా తీయవలసిందే. కాపర్ టీ వుండగానే గర్భం వచ్చిందని అనుమానం కలిగితే ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. గర్భం సంచిలో గాక ట్యూబులో నిలిస్తే ప్రాణాపాయం.

ఇవేవీ లేకపోయినా, "నాకు వద్దు" అని ఆ యిల్లాలు అనుకుంటే చాలు. అంతకు మించిన కారణం ఎవరూ అడగరాదు.

తీసేందుకు మంచిరోజు చూడనక్కరలేదు. ఏ రోజైనా తీస్తారు. అయితే గర్భం వద్దనుకునేవారు అంతకు ముందు ఏడు రోజులు కలవకుండా వుండాలి, లేదా నిరోధ్ వాడాలి. దారాలు చేతికి తగిలాయని సొంతంగా లాగరాదు సుమా! దారాలు కనబడకపోతే స్కానింగు చేసి ఎక్కడుందో చూస్తారు. అది గుండెకు పాకిపోతుందన్న మాట వట్టిది. అరుదుగా గర్భసంచి గోడను దాటి కడుపులోకి పోవచ్చు. అప్పుడు ఆపరేషను చేసి తీస్తారు.

ఆ వారంలోనే వదినను సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. లేడీ డాక్టరు ముందు రక్తపరీక్ష, స్కానింగు చేయించారు. రక్తస్రావానికి వేరే కారణాలు కూడా వుంటాయి గనుక అన్నిటికీ కాపర్ టీనే నిందించరాదన్నారు. సంచిలో చెడు ఏమీ కనబడలేదు. పట్టకారుతో దారాలు పట్టి మెల్లగా లాగితే, రెండు చేతులూ ముడుచుకొని అది బయటికి వచ్చేసింది. రెండు నిమిషాలు పట్టలేదు.

"ఇంతేనా అమ్మాయీ! దీనికా యిన్నేళ్ళు భయపడ్డాను?" అన్నది వదిన.

రక్తం తక్కువగా వుందని ఐరను మాత్రలు యిచ్చారు. మూడోనెలకు బహిష్టులు దారికి వచ్చాయి. గర్భసంచి తీయవలసిన అవసరమే రాలేదు. అందరికీ యిలాగే జరుగుతుందని చెప్పను. కోతకు ఒప్పుకునే ముందు మరో డాక్టరుకు చూపించుకొమ్మని మాత్రం చెబుతాను.

కార్తీక సోమవారానికి మళ్ళీ శ్రీముఖలింగం వెళ్ళాము. ఈసారి వదినే ముందు నడిచింది. గుడిలో దీపం వెలిగించి వచ్చి, "మీ చిన్నమ్మాయికి కాన్పయాక కాపర్ టీ వేయించారు గదా, తేదీ వ్రాసిపెట్టుకున్నదా?" అని మా యెదురింటావిడను అడుగుతున్నది. నేను పక్కనే నిలబడి విన్నాను.

మీ యింట్లోనూ ఒకసారి అడగండి.