వెన్న బిస్కట్ల రేకు డబ్బా

నీలిరంగు గుండ్రని రేకు డబ్బా, మూతపై పల్లెటూరి ఇంటి బొమ్మ, లోపల ముడతల తెల్లకాగితపు గిన్నెలలో పేర్చిన వెన్న బిస్కట్లు. ఈ మాత్రము చెప్పగానే మా పాఠకులలో చాలమందికి ఆ వస్తువు కన్నుల ముందు నిలుచును. దుబాయి నుండి వచ్చినది గనుక అది దుబాయి బిస్కట్టే అని మా బాల్యమున మేము నమ్మెడివారము. నిజమునకు అది డెన్మార్కు దేశపుది. ఆ చలిదేశపు తినుబండారము ఎడారి మీదుగా మన ఇండ్లకు ఎట్లు చేరినదో, అన్ని నెలలు చెడక ఎట్లు నిలిచినదో ఇచట వివరింపదలచినాము.

పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగమున అమెరికా, రష్యాల నుండి చవక ధాన్యము ఐరోపా విపణులను ముంచెత్తినది. ధాన్యము అమ్ముకొని బ్రతుకు డేనిష్ రైతులు దానితో పోటీ పడలేక పశుపోషణకు మరలినారు. 1878 నాటికి పాల నుండి మీగడను ఎడతెగక వేరుచేయు యంత్రము వచ్చినది. 1882లో హ్యెడింగ్ అను గ్రామమున రైతులు తొలి సహకార పాలకేంద్రమును నెలకొల్పినారు. ఇట్టి సంఘములలో ఎన్ని ఆవులున్నను మనిషికి ఒకే ఓటు. మన పాల సంఘముల సభ్యులకు ఈ పద్ధతి కొత్త కాదు. ఆ వెన్నలో అధికభాగము ఇంగ్లండుకు పోయినది. వెన్న వాడుక ఆ దేశపు బేకరీలలోను వేళ్ళూనినది.

1933లో జట్లండ్ ప్రాంతమున కెల్సెన్ దంపతులు పెట్టిన బేకరీ, 1966లో హెల్సింగోర్ నగరమున వెలసిన రాయల్ డాన్స్క్, ఈ రెండును ఆ బిస్కట్టును దేశదేశములకు పంపినవి. (ఆంగ్ల సాహిత్య విద్యార్థులు గమనింతురు గాక: హామ్లెట్ నాటకము జరుగు ఎల్సినోర్ ఈ హెల్సింగోరే.) 1990లో ఆ రెండు సంస్థలు ఒకటైనవి. తరువాత యజమానులు మారినారు. ఆ కథ మనకు అవసరము లేదు.

ఇక రుచి సంగతి. గోధుమపిండి, వెన్న, చక్కెర, ఇవియే ముఖ్య ద్రవ్యములు. పిండికి నీరు తగిలినచో గ్లూటెన్ అను జిగురు సాగి రొట్టె గట్టిపడును. వెన్న ముందుగా పిండిరేణువులను చుట్టుకొనుటచే ఆ జిగురు సాగదు. బిస్కట్టు పంటికింద పొడిపొడిగా విరుగును. నెయ్యితో చేయు నాన్‌ఖటాయిలో జరుగునదియు ఇదియే. అయితే వెన్నలో కొవ్వు సుమారు 80 శాతము. మిగిలినది నీరు, కొద్దిపాటి పాలపదార్థము. పొయ్యిలో నీరు ఆవిరి కాగా, పాలపదార్థము చక్కెరతో కలిసి ఎర్రబారి ఆ ప్రత్యేకమైన పరిమళమును ఇచ్చును. చుట్టుగీతలతో వలయమువలె ఉండు వనిల్లా బిస్కట్టును మన జంతికల గొట్టము వంటి సాధనముతోనే వత్తుదురు.

వెన్న నోటి వేడికి పూర్తిగా కరుగును. వనస్పతిలో కొంతభాగము కరుగక అంగిటికి అంటుకొనును. వెన్నకు మారుగా చవక నూనెలు వాడి, అటువంటి డబ్బాలోనే అమ్ముట నేడు సాధారణమైనది. ద్రవ్యముల పట్టికలో ఎక్కువ బరువు గలది ముందు వ్రాయవలెనని నియమము గలదు. వెన్న పేరు ఎచట ఉన్నదో చూచి కొనుట మంచిది. మన పెద్దలు ఈ పట్టికను వేరొక కారణముచే అడిగి చదివించుకొనెడివారు. ఏ జంతువు కొవ్వో తెలియని విదేశీ వస్తువును వారు ముట్టరు. వెన్న అని వినినచో ఆ శంక తగ్గెడిది.

కొవ్వుకు గాలి, వెలుతురు, తేమ శత్రువులు. తగరపు పూత పూసిన ఉక్కురేకు ఈ మూటిని చాలవరకు అడ్డగించును. బిస్కట్టులో నీరు మిక్కిలి తక్కువ గనుక బూజు పట్టదు. మూతకు బిగువుగా చుట్టిన పట్టీ ఉన్నంతకాలము మన మే నెల ఎండకు సహితము అది తాళును. కాగితపు గిన్నెలకు కొంత నూనెమరక తగులును, అంతే.

1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట గల్ఫు దేశములలో పనులు విస్తరించినవి. హైదరాబాదు, కడప, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతముల నుండి వేలమంది అక్కడికి వెళ్ళినారు. రెండేండ్లకొకసారి సెలవుపై వచ్చువారి పెట్టెలో ఈ డబ్బా ఉండితీరెడిది. నలుగురికి పంచదగినది, దారిలో నలుగనిది, చూపునకు ఘనమైనది మరి ఏమున్నది? ఒకటి దాదీకి, ఒకటి ఆపా అత్తవారింటికి, ఒకటి వీసాకు అప్పిచ్చిన పెద్దమనిషికి. బాకీ ఇంకను మిగిలియున్నను డబ్బా మాత్రము ముందుగా చేరెడిది. ఇట్లు పంచగా సొంత పిల్లలకు ఒక్కొక్కసారి సగము డబ్బాయే దక్కెడిది. కొందరు పసివారు అబ్బాను గుర్తుపట్టక తల్లి వెనుక దాగి, మూత తెరచిన తరువాతనే దరి చేరెడివారు. మన ఇండ్లలో ఈ సంగతిని నవ్వుచు చెప్పుకొందురు గాని, ఆ తండ్రికి అది నవ్వు రాదగిన సంగతి కాదు.

బిస్కట్లు అయిపోయిన తరువాత డబ్బా అమ్మీ వశమగును. సూదులు, దారపు ఉండలు, గుండీలు, రవికల హుక్కులు అందులో చేరును. భర్త పంపు సొమ్ము ఆలస్యమైన నెలలలో ఇరుగుపొరుగువారి బట్టలు కుట్టి ఇల్లు నడిపిన స్త్రీలకు అది పనిముట్ల పెట్టె. ఆశతో తెరచి సూదులు చూచి నిరాశ పడని పిల్లవాడు మన వీధులలో లేడు. ఊరగాయ మాత్రము ఎవరును అందులో పెట్టలేదు. పులుపు, ఉప్పు తగరమును తినివేయును, రేకు తుప్పు పట్టును. పొడిగా ఉండవలసిన కాగితములకు అది మిక్కిలి అనుకూలము. కావున పాస్‌పోర్టు నకళ్ళు, రేషను కార్డు, గల్ఫు ఉత్తరములు అందులోనే ఉండెడివి.

గత ప్రవేశముల సమయమున ఒక విద్యార్థిని తన అసలు పత్రములన్నిటిని అట్టి డబ్బాలోనే తెచ్చి మా బల్లపై పెట్టినది. ఆనాడు వాన కురియుచున్నది. మూత అంచున రంగు పోయి ఉన్నది గాని, లోపలి కాగితములకు తడి తగులలేదు.