మొరాయించిన మీట

సైకిలు మరమ్మత్తును గురించి తెలుగు పంతులు వ్రాయబూనుట చూచి పాఠకులు నవ్వవచ్చును. చిరకాలముగా సంధులును సమాసములును చెప్పుకొని బ్రతుకుచున్న నాకా సంగతి తెలియకపోలేదు. కాని గత వేసవిలో మా యింట జరిగిన యొక చిన్న ముచ్చట నాకు మంచి పాఠము నేర్పినది. నేర్చిన పాఠమును పదిమందికి చెప్పక ఊరకుండుట ఉపాధ్యాయునికి చేతకాని పని.

మా చిన్నమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరము చదువుచున్నది. పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టుకొన్న సొమ్ముతో ఒక పాత రోడ్డుసైకిలు కొన్నది. సన్నని చక్రములు, పొట్టేలి కొమ్ములవలె క్రిందికి వంగిన హ్యాండిలు, ముందు 2 పళ్ళచక్రములు, వెనుక 9. బ్రేకు వేయు మీటయే గేరు మార్చు మీట కూడ. ఆ సైకిలుపై 200 కిలోమీటర్ల యాత్ర చేయవలెనని ఆమె సంకల్పము. బ్రెవే అను పేరుగల యీ యాత్రలు ఫ్రాన్సు దేశమున మొదలైనవి. ఇవి పందెములు కావు. ఎవరితోను పోటీ లేదు. 13 గంటల 30 నిమిషములలో ఆ దూరము ముగించినచో చాలును.

నాకా సంకల్పము రుచింపలేదు. తెల్లవారకముందే లారీలు తిరుగు రహదారిపై పిల్ల యొంటరిగా పోవునే యను భయము. పైకి మాత్రమేమియు అనలేదు. యాత్ర పది దినములున్నదనగా కుడిచేతి మీట మొరాయించెను. ఎంత నెట్టినను అది ఊరకే ఊగుచున్నదే కాని ‘టిక్కు’మని పట్టుకొనుట లేదు. చెయిను వెనుకనున్న అన్నిటికంటె చిన్న చక్రముపై నిలిచిపోయెను. చదునైన బాటపై పరుగునకు అది మంచిదే. వంతెన ఎక్కవలసి వచ్చినచో మోకాళ్ళు విరుగును.

నగరములోని పెద్ద దుకాణమునకు తీసికొనిపోగా, “దీనికి మరమ్మత్తు ఉండదండీ, మీట మొత్తం మార్చాల్సిందే” అనిరి. ఆ మీట వెల, ఆమె సైకిలుకు పెట్టిన వెలలో సగమునకు పైమాట. అమ్మాయి మారుమాటాడక సైకిలు తెచ్చి వరండాలో గోడకు చేర్చినది. నిజము చెప్పుచున్నాను: ఆ క్షణమున నాకు కలిగినది విచారము కాదు, ఊరట. నేను కాదనవలసిన పని లేకుండ మీటయే కాదన్నది గదా యని లోలోపల సంతసించితిని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వరండాలో ఆ మీటను నొక్కుచున్న చప్పుడు వినిపించుచుండెను. పట్టునేమోనని నొక్కును, పట్టదు, మరల నొక్కును. భయము నాది, శిక్ష ఆమెది అని తోచి సిగ్గుపడితిని. ఉదయముననే సైకిలు నడిపించుకొని మా వీధి చివరనున్న సైకిలుషాపు ముసలాయన యొద్దకు పోతిమి.

ఆయన కథ చెప్పుటకు ముందు ఈ మీట చరిత్ర కొంత చెప్పవలెను. సైకిలుకు గేర్లు కావలెనా యను వివాదము పాతది. ఫ్రాన్సులో సెయింట్ ఎతియెన్ పట్టణమున నివసించిన పోల్ ద వివీ, వెలోసియో అను కలముపేరుతో గేర్ల పక్షమున వ్రాసెను. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెమును ప్రారంభించిన హెన్రీ దెగ్రాంజ్ దానికి విరోధి. గేర్లు నలుబది యైదేండ్లు దాటినవారికే తగునని 1902లోనే ఆయన వాదించెను. ఆ వయస్సు దాటి చాలకాలమైన నాకు అందులో అభ్యంతరము లేదు గాని, కుర్రవాండ్రును ఊరకుండలేదు. 1937లో ఆ పందెమునందే గేర్లు మార్చు సాధనమునకు అనుమతి లభించినది.

అప్పటి మీటలలో ‘టిక్కు’ లేదు. సైకిలు తొక్కువాడు చేతితో మీటను జరుపుచు, చెయిను సరిగా కూర్చున్నదో లేదో చెవితోను కాలితోను తెలిసికొనవలసియుండెను. 1984లో జపానులోని షిమానో సంస్థ ఒక్కొక్క టిక్కునకు ఒక్కొక్క గేరు మారునట్లు మీటను స్థిరపరచినది. 1990లో ఆ మీట బ్రేకు మీటలోనే చేరినది. హ్యాండిలు విడువకుండ గేరు మార్చు సౌఖ్యము అట్లు లభించినది. సౌఖ్యముతోపాటు చిక్కును లభించినది: వెలుపల కనబడుచుండిన యంత్రము రబ్బరు తొడుగు క్రింద దాగిపోయినది.

లోపల జరుగునది యిది. మీటను నెట్టినపుడు ఒక చిన్న కొక్కెము పళ్ళచక్రము యొక్క పంటిని పట్టి త్రిప్పును. ఆ చక్రము తీగను కొలత ప్రకారము చుట్టును. తీగ వెనుకనున్న సాధనమును లాగును. అది చెయినును ప్రక్క చక్రముపైకి జరుపును. 9 చక్రముల సైకిలులో ఒక చక్రమునకును మరియొక దానికిని నడుమ దూరము 4 మిల్లీమీటర్లకు కొంచె మెక్కువ. అంత సూక్ష్మమైన కొలత గలది గనుక లోపలి భాగములును మిక్కిలి చిన్నవి. కొక్కెమును పంటిపైకి అదిమి పట్టునది వెంట్రుకవంటి స్ప్రింగు.

ముసలాయన అట్టి మీటను ఎన్నడును చూడలేదు. రబ్బరు తొడుగు వెనుకకు మడిచి, బ్రేకు నొక్కిపట్టి, సందులోనికి టార్చిలైటు వేసి చూచెను. రెండుమూడు మారులు మీట నూపి చెవి యొగ్గి వినెను. పిమ్మట నాతో, “మాష్టారూ, ఇది విరగలేదండీ, బిగుసుకుంది. విరగడం వేరు, బిగుసుకోవడం వేరు” అనెను.

“ఎట్లు చెప్పగలవయ్యా?” అంటిని.

“ఫ్రీవీలు చూళ్ళేదా అండీ? ఏళ్ళ తరబడి మూలపడ్డ సైకిలు తెస్తారు. తొక్కితే పెడలు తిరుగుద్ది, చక్రం తిరగదు. ఫ్రీవీలు పోయిందంటారు. పోదండీ! లోపల గ్రీజు జిగురై కొక్కేలు పైకి లేవవు. కడిగితే లేస్తాయి. ఇదీ అదేనండి, పిల్లది.”

ఆ మాట విని నేను నివ్వెరపోతిని. పెడలు ఆపినపుడు సైకిలు వెనుక చక్రమునుండి వినవచ్చు టికటిక చప్పుడు మనమందరము చిన్ననాటి నుండి విన్నదే. అదియు కొక్కెములు పండ్లపై జారు చప్పుడే. తెలిసిన దానినుండి తెలియని దానికి పోవుట యనగా నిదియే గదా! షిమానో సంస్థయు ఫ్రీవీళ్ళు చేయుటతోనే మొదలైనదని తరువాత చదివి, ముసలాయన ఊహకు మరింత విలువ గట్టితిని.

గ్రీజు కాలము గడచిన కొలది అందలి నూనె విడిపోవును. మిగిలినది గాలికి ముదిరి, దుమ్ముతో కలిసి మైనమగును. వెంట్రుకవంటి స్ప్రింగు ఆ జిగురును చీల్చుకొని కొక్కెమును పంటిపైకి తేలేదు. కొక్కెము పైననే అంటుకొని నిలుచును, మీట వట్టిగా ఊగును. ఇది ఏ యొక్క సంస్థ వస్తువునకో పరిమితమైన దోషము కాదు, గ్రీజు స్వభావము.

అయినను ముందు ఇతర కారణములను త్రోసిపుచ్చవలెను. మీట టిక్కుమని పట్టుచున్నను గేరు మారకున్నచో దోషము తీగలోనో, తీగ తొడుగులోని తుప్పులోనో ఉండును. తీగ కొస మీటలోపల పీచులు పీచులుగా తెగినచో ఆ పోగులును కొక్కెమును అడ్డగించును. మా సైకిలులో తీగ చక్కగనే యున్నది. టిక్కు మాత్రమే లేదు.

ముసలాయన కిరసనాయిలు డబ్బా అందుకొనెను. అమ్మాయి, “వద్దు తాతా, రబ్బరు ఉబ్బిపోతుంది, ప్లాస్టిక్కు కూడా ఉంది” అని వారించి, హార్డువేరు దుకాణమునుండి తుప్పు వదలించు స్ప్రేడబ్బా, సన్నని గొట్టము గలది, తెచ్చినది. పెట్రోలు, పెయింటు కడుగు ద్రవములు ఇంకను చెరుపు. చక్రపు రిమ్ములపైనను బ్రేకు రబ్బరులపైనను ఒక్క చుక్క పడరాదు; పడినచో బ్రేకు జారును. అందుచేత చక్రము విప్పి, బ్రేకులకు పాతగుడ్డ చుట్టితిమి. రబ్బరు తొడుగు మడిచిపెట్టి, గొట్టము సందులో దూర్చి స్ప్రే కొట్టి, మీటను నూరుమార్లు నెట్టితిమి. ముదురు గోధుమరంగు మురికి కారెను, తుడిచితిమి. మరల కొట్టితిమి, మరల నెట్టితిమి. లోపలి భాగములు విప్పుదునా యని నేను స్క్రూడ్రైవరు పట్టగా ముసలాయన చేయి పట్టుకొనెను. “విప్పితే స్ప్రింగు ఎగిరి ఎటుపోతుందో దేవుడికి తెలియాలి. విప్పకుండా అయ్యే పనికి విప్పకండి.”

మధ్యాహ్నమునకు నాలుగు తూరులకొక టిక్కు వినబడెను. రాత్రి అట్లే నాననిచ్చి మరునాడు మరల చేయగా ప్రతి తూరియు పట్టసాగెను. కడిగి విడిచిన చాలదు. ఆ ద్రవము మురికితోపాటు జిడ్డునంతటిని తీసికొనిపోవును, లోహము లోహమును రాచుకొని అరుగును. కావున చివర కుట్టుమిషను నూనెవంటి పలుచని నూనె రెండు మూడు చుక్కలు వేసితిమి. మరల చిక్కని గ్రీజు నింపుట మాత్రము కూడదు. పండ్లే అరిగిపోయిన మీటకు ఈ చికిత్స పనికిరాదనియు చెప్పవలెను. కాని ముందు కడిగి చూడక అట్టి తీర్పు ఇచ్చుట తొందరపాటు.

మజూరి ఎంత యని అడిగితిని. “కిరసనాయిలు కూడా ఖర్చవలేదు గదండీ, దేనికి డబ్బులు?” అని నవ్వెను. రెండు దినములు ఆయన పని చెడగొట్టితిమని బలవంతముగా చేతిలో పెట్టవలసి వచ్చెను.

యాత్ర నాటి తెల్లవారుజామున వీధిదీపము క్రింద అమ్మాయి మీటలు సరిచూచుకొని, “వెళ్ళొస్తాను నాన్నా” అన్నది. భయము నాకు పోలేదు. “నిదానముగా పోయిరా, తల్లీ” అంటిని. గడువునకు ఇంకను నలుబది నిమిషములుండగా యాత్ర ముగించితినని ఫోను చేసినది.

ఉపాధ్యాయ మిత్రులకొక విన్నపము. పాత ఫ్రీవీలొకటి సైకిలుషాపులో అడిగి తెచ్చి, విప్పించి, తరగతిలో బల్లమీద పెట్టుడు. కొక్కెమును, పంటిని, స్ప్రింగును పిల్లలచేత ముట్టించుడు. మాట వినని పిల్లవానిని గూర్చి “వీడింతే” అని రిజిస్టరు మూసివేయబోవునపుడు ఒక్కమారు దానివంక చూడుడు. ఆ తీర్పు నేనును చాలమందికి ఇచ్చియున్నాను. వారిలో విరిగినవారెందరో, బిగుసుకొన్నవారెందరో ఇప్పుడు లెక్కవేసికొనుచున్నాను.