ఇంటి కప్పు ఎందుకు నల్లబడుతుంది?

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాకొక సందేహం వచ్చింది. మా వంటింటి వాసాలు నల్లగా ఉన్నాయి. కొత్తగా కట్టిన శ్లాబు గది మూలల్లోనూ నల్ల మచ్చలున్నాయి. "రెండూ పొగచూరే" అంది అవ్వ. కాని ఆ గదిలో పొయ్యే లేదు కదా! బడికి వచ్చి సైన్సు మాస్టారిని అడిగాను. ఆయన చెప్పినది, నేను చూసినది కలిపి రాస్తున్నాను.

వాసాల మీది నలుపు మసి. పచ్చి కట్టె పెట్టినా, పొయ్యికి గాలి చాలకపోయినా కట్టె పూర్తిగా కాలదు. కాలని కార్బన్ పొగతో పైకిపోయి వాసాలకు పడుతుంది. వేలితో రాస్తే అంటుకుంటుంది.

శ్లాబు మీది నలుపు బూజు. ఇది శిలీంధ్రం, అంటే ప్రాణమున్నది. చెమ్మ దిగి, గాలి ఆడని చోట చుక్కలు చుక్కలుగా పెరుగుతుంది.

ఏదో తెలియకపోతే మచ్చ మీద బ్లీచింగ్ నీళ్ళు ఒక చుక్క అద్దండి. కాసేపటికి తెల్లబడితే బూజు. అలాగే ఉంటే మసి.

బూజు పోవాలంటే ముందు చెమ్మ ఆగాలి. శ్లాబు పైన ఆకులు తీసి, నీళ్ళు నిలవకుండా చూడాలి. పగుళ్ళు సిమెంటుతో మూయాలి. తర్వాత ముక్కుకు గుడ్డ కట్టుకొని, కిటికీలు తెరిచి, తేరిన బ్లీచింగ్ నీళ్ళతో తడిగుడ్డ పెట్టి తుడవాలి. పొడిగా చీపురుతో దులిపితే బూజు బీజాలు గదంతా పడతాయి. బ్లీచింగులో యాసిడ్ మాత్రం కలపకూడదు, విషవాయువు వస్తుంది. బాగా ఆరాక సున్నం వేయాలి. చెమ్మ ఆరకుండా సున్నం కొడితే మళ్ళీ వానలకు మచ్చ మొదటికే వస్తుంది.

మసి సంగతి వేరు. పొయ్యి పైన సందు పెట్టి పొగ బయటికి పంపుదామంటే అవ్వ ఒప్పుకోలేదు. పొగ తగిలితేనే వెదురుకు పురుగు పట్టదంది. పొయ్యి మీద వేలాడదీసిన విత్తనం మొక్కజొన్న కంకులు చూపించింది. ఆమె మాట నిజమే. కాని ఆ పొగ పక్కనే కూర్చుని రోజూ దగ్గేది కూడా అవ్వే. 2020లో ఇంటి పొగ వల్ల ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

విత్తనాన్ని బాగా ఎండబెట్టి, బూడిద కలిపి కుండలో మూత వేసి దాచుకోవచ్చు. అవ్వ ఊపిరితిత్తులను అలా దాచలేం కదా! ఈ మాటే సంక్రాంతికి వెళ్ళినప్పుడు చెప్పాను. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు నాన్నని పిలిచి, పొయ్యి పైన రెండు జానల సందు తీయించింది. కంకులు సగం కుండలోకి వెళ్ళాయి, సగం ఇంకా పైనే ఉన్నాయి.

మిత్రులారా! ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి. మీ కప్పు మీద ఉన్నది మసా, బూజా?